మెమోరియల్ డే నాడు పిల్లలతో ఏం చేయాలి: ఒక్క పేరు పట్టుకుని గడిపే సెలవు

కొన్నేళ్ల కిందట మే నెలలో మా అత్తయ్య పల్నాడు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆ నెల చివరి సోమవారం అందరం ఇంట్లోనే ఉండటం చూసి, "ఇవాళ సెలవు దేనికమ్మా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా మా చిన్నవాడు, "ఇవాళ పరుపులు చవక, నానమ్మా. అందుకని" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. వారం రోజులుగా టీవీలోనూ తపాలా పెట్టెలోనూ వాడికి కనిపించినవి పరుపుల ప్రకటనలే. నేను సర్దబోయి, "సైనికుల దినం అత్తయ్యా" అన్నాను. అది కూడా తప్పేనని ఆ సాయంత్రం తెలిసింది.

అప్పటినుంచి ప్రతి ఏడాదీ ఈ రోజును ఒక పద్ధతిలో గడుపుతున్నాం. పద్ధతి చిన్నదే. ఊళ్లోని స్మారక ఫలకం మీద నుంచి ఒక్క పేరు ఎంచుకుంటాం. ఆ మనిషి ఎవరో తెలుసుకుంటాం. సెలవంతా ఆ పేరుతోనే గడుపుతాం. యుద్ధాల్లో చనిపోయిన పది లక్షల పైచిలుకు మంది గురించి చెబితే ఏడేళ్ల పిల్లవాడికి అది ఒట్టి అంకె. మన వీధి చివరి బడిలోనే చదువుకున్న ఒక కుర్రవాడు ఇరవై నిండకుండా పోయాడని చెబితే మాత్రం వాడు ఆట ఆపి వింటాడు. అమెరికాలో పిల్లలను పెంచుతున్న తెలుగు కుటుంబాలకు పనికొస్తుందని మేం చేసేది వరసగా రాస్తున్నాను.

ముందు మీరు తెలుసుకోండి

మెమోరియల్ డే మే నెల చివరి సోమవారం వస్తుంది. 2026లో మే 25, 2027లో మే 31. ఇది సైనిక సేవలో ఉండగా ప్రాణాలు కోల్పోయినవారి రోజు. బతికున్న మాజీ సైనికులకు నవంబరు 11న వెటరన్స్ డే ఉంది. ఇప్పుడు సైన్యంలో ఉన్నవారికి మే మూడో శనివారం ఆర్మ్‌డ్ ఫోర్సెస్ డే ఉంది. నేను అత్తయ్యకు చెప్పిన జవాబు తప్పు కావడం అందుకే. మా పక్కింటి పెద్దాయన వియత్నాం యుద్ధానికి వెళ్లి వచ్చినవాడు. ఆ సాయంత్రం మావాడు పరుగెత్తి ఆయనకు కృతజ్ఞతలు చెబితే, ఆయన నవ్వి, "ఇవాళ నాది కాదు నాన్నా, తిరిగిరాని నా స్నేహితులది" అన్నాడు.

చరిత్ర పిల్లలకు నాలుగు మాటల్లో చెప్పవచ్చు. 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధంలో ఆరు లక్షలకు పైగా చనిపోయారు. 1865 మే 1న చార్ల్స్‌టన్ నగరంలో, బానిసత్వం నుంచి అప్పుడే విముక్తులైన నల్లజాతివారు వేలమంది కలిసి ఊరేగింపుగా వెళ్లారు. గుర్రప్పందేల మైదానంలో శత్రువుల చెరలో చనిపోయిన 257 మంది యూనియన్ (ఉత్తరాది పక్షం) సైనికుల సమాధుల మీద పూలు ఉంచారు. 1868లో జనరల్ జాన్ లోగన్ మే 30ని సమాధులను పూలతో అలంకరించే రోజుగా ప్రకటించాడు. చాలాకాలం దాన్ని డెకరేషన్ డే అనే పిలిచారు. మొదటి ప్రపంచయుద్ధం తరవాత అది అన్ని యుద్ధాల మృతులదీ అయింది. 1968లో చేసిన చట్టం 1971లో అమలుకు వచ్చాక చివరి సోమవారానికి మారింది. పరుపుల అమ్మకాలకు వారాంతం దొరికింది కూడా అలాగే.

ఒక మాట ముందే చెప్పాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ పొద్దున్నే గులాబీ బొమ్మలతో ‘హ్యాపీ మెమోరియల్ డే’లు మొదలవుతాయి. తద్దినం నాడు శుభాకాంక్షలు చెప్పినట్టు ఉంటుంది. వద్దు.

రెండు వారాల ముందు: పేరు వెతకడం

ఈ మొత్తంలో అసలు పని ఇదే. దీనికి తొందర పనికిరాదు.

ముందు ఊళ్లో వెతకండి. అమెరికాలో చాలా ఊళ్లలో కోర్టు ముందో, గ్రంథాలయం పక్కనో, నగర ఉద్యానంలోనో యుద్ధ స్మారకం ఉంటుంది. రోజూ కారులో దాని ముందు నుంచే వెళుతూ ఉంటాం, ఆగం. ఒక సాయంత్రం ఆగండి. ఫలకం మీద యుద్ధాల వారీగా పేర్లు ఉంటాయి. కొన్నిచోట్ల సేవ చేసినవారందరి పేర్లూ చెక్కి, చనిపోయినవారి పేరు పక్కన మాత్రం నక్షత్రం పెడతారు. నక్షత్రం ఉన్న పేర్లే చూడమని పిల్లలకు చెప్పండి. పేరు వాళ్లనే ఎంచుకోనివ్వండి. మా పెద్దవాడు ఒకసారి ఇంటిపేరు తమాషాగా ఉందని ఒకటి ఎంచుకున్నాడు. కారణం ఏదైనా ఫరవాలేదు, వాడిదైతే చాలు.

తరవాత ఆ పేరు వెనక మనిషిని వెతకాలి. యుద్ధాన్ని బట్టి దారి మారుతుంది.

వియత్నాం అయితే పని తేలిక. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారక కుడ్యం మీద 58 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. ఆ స్మారక నిధి నడిపే ‘వాల్ ఆఫ్ ఫేసెస్’ వెబ్‌సైటులో ఒక్కొక్కరికీ ఒక పుట ఉంటుంది. ఫోటో, స్వస్థలం, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, కింద తోటివాళ్లు రాసుకున్న మాటలు. ఆ మాటలు మీరు ముందుగా చదివి, తరవాత పిల్లలకు చూపించండి. కొన్ని పెద్దవాళ్లకే బరువుగా ఉంటాయి.

రెండో ప్రపంచయుద్ధం అయితే జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వెబ్‌సైటులో సైన్యం 1946లో అచ్చువేసిన మృతుల జాబితా దొరుకుతుంది. రాష్ట్రం, కౌంటీ వారీగా ఉంటుంది కాబట్టి మీ కౌంటీ పుట ఒక్కటి తీస్తే చాలు. పేరు పక్కన పొడి అక్షరాలుంటాయి. కేఐఏ అంటే పోరులో మరణం. డీఓడబ్ల్యూ అంటే గాయాలతో తరవాత మరణం. డీఎన్‌బీ అంటే పోరులో కాని మరణం, అంటే జబ్బో ప్రమాదమో. ఎఫ్ఓడీ అంటే ఆచూకీ దొరక్క, చివరికి చనిపోయినట్టు నిర్ణయించారన్నమాట. మా పెద్దవాడు ఈ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. "అయితే వాళ్లమ్మకు ఎప్పటికీ తెలియలేదా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక నేను తల ఊపాను.

సమాధి ఎక్కడుందో తెలుసుకోవడానికి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో సమాధుల అన్వేషణ పుట ఉంది. అదే శాఖ నడిపే ‘వెటరన్స్ లెగసీ మెమోరియల్’లో ఒక్కొక్కరి పేరిటా పుటలున్నాయి. అక్కడ మీ పిల్లవాడు రెండు వాక్యాలు రాసి పెట్టవచ్చు, పరిశీలించాక ప్రచురిస్తారు. ఇవేవీ దొరకకపోతే గ్రంథాలయానికి వెళ్లి స్థానిక పాత పత్రికలు చూపించమని అడగండి. అక్కడి ఉద్యోగులు ఇలాంటి పనికి ఎంత సంతోషిస్తారో చెప్పలేను. మాకు సాయం చేసినావిడ మేం అడగని కాగితాలు కూడా తీసి బల్ల మీద పరిచింది.

దొరికినదంతా ఒక పోస్టుకార్డు అంత అట్ట మీద పిల్లల చేత రాయించండి. పేరు, పుట్టిన ఊరు, ఎక్కడ చనిపోయాడు, అప్పటికి వయసెంత. తెలుగు నేర్చుకుంటున్న పిల్లలైతే వెనకవైపు తెలుగులో కూడా రాయించండి. ఒక అమెరికన్ పేరును తెలుగు అక్షరాల్లో పెట్టాలంటే పదిసార్లు పలకాలి. ఆ పదిసార్లలో పేరు వాళ్ల నోట నిలిచిపోతుంది.

శని, ఆదివారాలు: సమాధుల దగ్గరికి

మనవాళ్లు చాలామంది ఇక్కడ వెనకాడతారు. పిల్లలను శ్మశానానికి తీసుకెళ్లడమా అని. మా అత్తయ్య కూడా మొదట అదే అన్నారు. వచ్చాక స్నానం చేయాలి గదా అని ఒక షరతు పెట్టి బయలుదేరారు. అభ్యంతరం ఏముంది, అందరం చేశాం. అక్కడ ఆవిడ అనుకున్నదేదీ లేదు. కత్తిరించిన పచ్చిక, వరస తప్పని తెల్లరాళ్లు, ప్రతి రాయి ముందూ ఒక చిన్న జెండా. చాలాసేపు మాట్లాడలేదు ఆవిడ.

మీరు ఎంచుకున్న మనిషి సమాధి మీ ఊళ్లోనే ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి. లేకపోతే సైనికుల కోసం ప్రభుత్వం నడిపే జాతీయ శ్మశానవాటికల్లో దగ్గరలోని దానికి వెళ్లవచ్చు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న చోట్ల చెప్పాలంటే డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర శాన్ బ్రూనోలో, షికాగో దగ్గర ఎల్‌వుడ్‌లో, అట్లాంటా దగ్గర క్యాంటన్‌లో, డెట్రాయిట్ దగ్గర హాలీలో ఉన్నాయి. వర్జీనియావాళ్లకు ఆర్లింగ్టన్ ఉండనే ఉంది. అక్కడ మెమోరియల్ డేకు ముందు గురువారం మూడో పదాతి దళం సైనికులు రెండు లక్షల అరవై వేలకు పైగా జెండాలు కొన్ని గంటల్లో నాటేస్తారు. కొలబద్దేమీ ఉండదు. రాయి ముందు నిలబడి బూటు ఆనించి, ఒక బూటు పొడవు దూరంలో సరిగ్గా మధ్యన గుచ్చుతారు. వరసలు అంత తిన్నగా రావడం ఆ లెక్క వల్లే.

చాలాచోట్ల శనివారం పొద్దున జెండాలు నాటే పనికి స్కౌటు పిల్లలతో పాటు మామూలు కుటుంబాలనూ రానిస్తారు. ముందుగా శ్మశానవాటిక కార్యాలయానికి ఫోను చేసి అడగండి. నాటేటప్పుడు పిల్లలకు ఒక పని అలవాటు చేయించండి. జెండా గుచ్చి, లేచి నిలబడి, రాయి మీది పేరు పైకి చదవాలి. మూడు సమాధులకే అలసిపోతే మూడుతోనే ఆపేయండి. ముప్పై జెండాలు గబగబా గుచ్చి వచ్చేకన్నా అది మేలు.

రాయిని చదవడం నేర్పండి. పేరు, హోదా, దళం, యుద్ధం, తేదీలు, పైన మతచిహ్నం. ప్రభుత్వం అనుమతించిన చిహ్నాలలో హిందూ చిహ్నం కూడా ఉంది. రెండు తేదీలు తీసివేసి వయసు కట్టమని పెద్దపిల్లలకు చెప్పండి. ఒక రాయి ముందు మా పెద్దవాడు వేళ్ల మీద లెక్కపెట్టి, "పందొమ్మిది. మన డాలస్ అన్నయ్య వయసే" అన్నాడు. ఆ తరవాత ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించి మాట్లాడాడు.

కొన్ని రాళ్ల మీద నాణేలు కనిపిస్తాయి. తీయకూడదు. అవి వచ్చినవాళ్లు వదిలిన గుర్తులు. పెన్నీ పెడితే ఎవరో వచ్చి చూసి వెళ్లారని. నికెల్ పెడితే శిక్షణలో కలిసి ఉన్నారని. డైమ్ అయితే ఒకే దళంలో పనిచేశారని. క్వార్టర్ అయితే ప్రాణం పోయేటప్పుడు పక్కన ఉన్నారని. మా చిన్నవాడు పెద్ద నాణెం అయితే ఎక్కువ గౌరవం అనుకుని క్వార్టర్ తీశాడు. అసలు అర్థం చెప్పాక దాన్ని జేబులో వేసుకుని పెన్నీ కోసం నాన్న జేబులు వెతికాడు.

ఏం తీసుకెళ్లాలి అంటే, కోసిన పూలు ఎక్కడైనా సరే. మా అత్తయ్య కొబ్బరికాయ, అగరువత్తులు, దీపం సంచిలో పెట్టారు. మూడింటినీ కారులోనే ఉంచాం. జాతీయ శ్మశానవాటికల్లో సమాధుల మీద దీపాలు, పగిలే వస్తువులు, విగ్రహాలు ఉంచనివ్వరు. గాజు పూలకుండీలు కూడా వద్దు. పచ్చిక మీద నడవవచ్చు గాని రాళ్లకు ఆనుకోకూడదు, ఎక్కకూడదు, పిల్లలను వాటి మధ్య పరుగెత్తనివ్వకూడదు. రాయి మురికిగా కనిపిస్తే తుడవాలనిపిస్తుంది. అడగకుండా ముట్టుకోవద్దు. అనుమతి ఇచ్చినా మెత్తటి కుంచె, మంచినీళ్లే వాడాలి. బ్లీచింగు ద్రావకం, ఇనుప పీచు పాలరాతిని తినేస్తాయి. టోపీలు, నీళ్లు మరవకండి. మే నెల ఎండ మన ఊరి ఎండ కాకపోయినా అక్కడ నీడ దొరకదు.

సోమవారం

పొద్దున ఊరేగింపు ఉంటే వెళ్లండి. బ్యాండు, పాత కార్లు, అగ్నిమాపక వాహనాలు ఉంటాయి, చిన్నపిల్లలకు అది పండగే. చివర్లో స్మారకం దగ్గర జరిగే సభకు మాత్రం తప్పకుండా ఆగండి. చాలా కుటుంబాలు ఊరేగింపు అయిపోగానే వెళ్లిపోతాయి. సైనికుల అంత్యక్రియల్లో వినిపించే ట్యాప్స్ అనే రాగాన్ని బ్యూగిల్ మీద వాయించేది ఆ సభలోనే. అది 24 స్వరాలే. లెక్కపెట్టమని పిల్లలకు ముందే చెప్పండి, కదలకుండా నిలబడతారు.

జాతీయగీతం వచ్చినప్పుడు ఏం చేయాలో మనలో చాలామందికి సందేహం. వీసా మీద ఉన్నవాళ్లు గుండె మీద చేయి పెట్టాలా, పెడితే తప్పా? జెండా మర్యాదలు చెప్పే అమెరికా చట్టం, ఫ్లాగ్ కోడ్‌లోనే జవాబు ఉంది. పౌరులు కుడిచేయి గుండె మీద ఉంచుకోవాలి, ఇతర దేశాల పౌరులు నిటారుగా నిలబడితే చాలు. మా ఇంట్లో పిల్లలు చేయి పెడతారు, అత్తయ్య తిన్నగా నిలబడతారు, అందరూ జెండా వైపే చూస్తారు.

ఇంట్లో జెండా స్తంభం ఉంటే పొద్దున జెండాను చకచకా పైకొస దాకా ఎగరేసి, అక్కడి నుంచి నెమ్మదిగా సగానికి దించాలి. మధ్యాహ్నం పన్నెండింటికి మళ్లీ పైదాకా ఎగరేయాలి. తక్కిన సంతాప దినాలలో సాయంత్రం దాకా సగంలోనే ఉంటుంది. సగం రోజు దుఃఖం, సగం రోజు తలెత్తి నిలబడటం అనే ఈ లెక్క ఈ ఒక్క రోజుకే. తాడు లాగే పని పిల్లలకు ఇవ్వండి.

మూడు గంటలకు ఒక నిమిషం మౌనం. 2000లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టంతో వచ్చిన ఆనవాయితీ ఇది. మీరున్న చోటి సమయం ప్రకారమే మూడు గంటలు. మొదటి ఏడాది పూజగంట కొడదామన్నాను. "చనిపోయినవాళ్లకు పూజగంట ఏమిటమ్మా" అని అత్తయ్య ఒప్పుకోలేదు. పొయ్యి మీది టైమరు పెట్టాం. ఎక్కడి పని అక్కడ ఆపి, అట్ట మీద రాసుకున్న పేరు ఒకరు చదివి, నిమిషం నిలబడతాం. నాలుగేళ్ల పిల్లలకు నిమిషం చాలా పొడవు, కాసేపటికే కాళ్లు కదుపుతారు. కదపనివ్వండి.

మధ్యాహ్నం పూట చేతికి పని కావాలంటే ఎర్రకాగితంతో పాపీ పూలు చేయించండి. నాలుగు గుండ్రటి రేకులు, మధ్యన నల్ల బొత్తం, వెనక పిన్ను. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలోని సమాధుల మధ్య పూసిన ఆ పూల గురించి కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్‌క్రే 1915లో కవిత రాశాడు. అది చదివి జార్జియాకు చెందిన ఉపాధ్యాయురాలు మొయినా మైకెల్ యుద్ధ మృతుల గుర్తుగా 1918లో పాపీని ధరించడం మొదలుపెట్టింది. ఆ బెల్జియం కందకాల్లో మన భారతీయ సైనికులు కూడా వేలమంది పోరాడారని చెబితే పిల్లలకు ఆ పువ్వు మనది కూడా అవుతుంది.

బార్బెక్యూ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఈ విషయంలో నా అనుమానం తీర్చింది మా అత్తయ్యే. ఆవిడ పుట్టిల్లు కారెంపూడి దగ్గర. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరులకు అక్కడ ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవాలు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకూ ఒక్కో పేరు. నాగులేటి ఒడ్డున వీర్లగుడిలో వీరుల ఆయుధాలను, అంటే కొణతాలను, పూజిస్తారు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడు, కులభేదం లేకుండా అందరూ ఒకే చోట కూర్చుని తినడం. "చచ్చిపోయినవాళ్ల పేరు చెప్పి నలుగురూ కలిసి తినడం మనకు కొత్తా ఏమిటి?" అన్నారు అత్తయ్య, పెరట్లో మొక్కజొన్న కంకులు తిప్పుతూ. పిల్లలు ఆ సాయంత్రం మందపోరు కథ రెండుసార్లు చెప్పించుకున్నారు.

కాబట్టి పొయ్యి వెలిగించండి, ఇరుగుపొరుగును పిలవండి. ఒక్కటే నియమం పెట్టుకున్నాం. మొదటి ముద్ద ముందు ఆ ఏటి పేరు చెప్పి, అతని గురించి పిల్లలు రెండు మాటలు చెబుతారు. తలకిందులు చేసిన గ్లాసు, నిమ్మచెక్క, చిటికెడు ఉప్పుతో ఖాళీ కుర్చీ వేసే సంప్రదాయం కూడా ఉంది. అది ముఖ్యంగా ఆచూకీ తెలియనివారికీ యుద్ధఖైదీలకూ చెందినది, సైనిక కుటుంబాల భోజనశాలల్లో దానికో బరువుంది. మన పెరట్లో అది నాటకంలా ఉంటుందేమోనని నేను వేయను.

"మనవాళ్లలో ఇలాంటివాళ్లు లేరా?" అని పిల్లలు అడుగుతారు. ఉన్నారు. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు నాయకత్వం వహిస్తూ 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చారు. మరణానంతరం మహావీర చక్ర లభించింది. ఆ కథకు జూన్ 15 రానే వస్తుంది, ఆ రోజుకు ఉంచుకోండి. ఈ సోమవారాన్ని ఈ ఊరి మనిషికే వదలండి.

పదో తరగతి, ఆపైవాళ్లకు

కాగితం పూలు, జెండాలు ఈ వయసువాళ్లకు ఆనవు. వీళ్లకు నిజమైన పని ఇవ్వండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000 నుంచి వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు నడుపుతోంది. మాజీ సైనికుల అనుభవాలనే కాక, సైన్యంలో అయినవాళ్లను పోగొట్టుకున్న గోల్డ్ స్టార్ కుటుంబాల మాటలను కూడా భద్రపరుస్తుంది. పదో తరగతి నుంచి పై విద్యార్థులు ఇంటర్వ్యూ చేసి పంపవచ్చు. రికార్డింగు కనీసం 30 నిమిషాలుండాలి. కావలసిన పత్రాలు, నమూనా ప్రశ్నలు వారి వెబ్‌సైటులోనే ఉన్నాయి. ఆ సోమవారమే మైకు పట్టుకుని ఎవరి తలుపూ తట్టవద్దు. ముందుగా ఉత్తరం రాసి, వారికి వీలైన వేరే రోజు అడగాలి. మా పక్కింటి పెద్దాయనను మా పెద్దవాడు అడగడానికి రెండేళ్లు పట్టింది. ఆయన అరగంట అని మొదలుపెట్టి రెండు గంటలు మాట్లాడాడు, అందులో తన గురించి చెప్పింది పావుగంటే.

మంగళవారం

సమాధుల దగ్గర నాటిన జెండాలను వారాంతం అయ్యాక తీసేస్తారు. మీరు నాటినవి మీరే తీయాలో, సిబ్బంది తీస్తారో నాటిన రోజే అడిగి పెట్టుకోండి. ఇంటి ముందు గుచ్చిన చిన్న జెండాలను వానలో నానబెట్టవద్దు, చెత్తడబ్బాలో వేయవద్దు. చిరిగినవీ వెలిసినవీ ఉంటే దగ్గరలోని అమెరికన్ లీజన్ (మాజీ సైనికుల సంఘం) శాఖలో ఇస్తే వాటిని పద్ధతి ప్రకారం సాగనంపుతారు. పేరు రాసిన అట్టలను మేం మసాలా డబ్బాల అరలో, వంటల పుస్తకంలో దాస్తాం. ఇప్పటికి నాలుగున్నాయి. ఒకదాని మీద పసుపు మరక పడింది. ఆ పేరు మాత్రం తెలుగులో ఇంకా చక్కగా కనిపిస్తోంది.